ఆట తెలియని అంగడి



పిల్లలు క్రొత్త ఆటను ఇంటికి తెచ్చినప్పుడు పెద్దలమగు మనము సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదుము. దీనికి ఎంత సొమ్మగును? దీనివలన చదువు చెడునా? ఈ రెండును అడుగదగినవే. మూడవ ప్రశ్న యొకటి కలదు. ఆ ఆటవస్తువులను అమ్మువానికి ఆ ఆట తెలియునా? తెలియనిచో, తెలిసిన పిల్లలు అతనితో ఎట్లు మెలగవలెను? గడచిన కార్తికమాసములో భద్రాచలమున జరిగిన ఒక చిన్న తగవు ఈ మూడవ ప్రశ్నను నా ముందు పెట్టినది. ఆ సంగతినే ఈ పూట మీకు మనవి చేయుచున్నాను.

భద్రాచలము గోదావరి యొడ్డున నున్న ఊరు. 1959లో తూర్పుగోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరినది; 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఏటికి ఆవలి గట్టున సారపాక, ఆపైన పాల్వంచ, కొత్తగూడెము, ఖమ్మము. ఈవలి గట్టున ఊరు దాటి దుమ్ముగూడెము, చర్ల త్రోవ పట్టినచో అడవి పల్లెలు మొదలగును. రాముని దర్శనమునకు వచ్చు యాత్రికులును, సంతకును చదువులకును దిగివచ్చు అడవి పల్లెలవారును కలిసికొను చోటు ఆ ఊరి అంగడివీధి.

ఆ వీధిలో ఒక బొమ్మల అంగడి కలదు. యజమాని అరువది యేండ్లు దాటినవాడు. కొయ్యబొమ్మలు, లక్కపిడతలు, చదరంగపు పెట్టెలు, క్యారమ్ బిళ్ళలు, వామనగుంటల పీటలు, అష్టాచెమ్మ గవ్వలు, వీనిని అతడు నలువది యేండ్లుగా అమ్ముచున్నాడు. పేకముక్కలు కూడ కలవు గాని అవి బల్లక్రింద నుండును. పెద్దలు అడిగిననే పైకి వచ్చును. అది అతని నియమము.

నాయొద్ద నుండి చదువుకొనుచున్న మా మనుమడును, అతని తోడి విద్యార్థులును పోకెమాన్ ముక్కలు తెప్పించుమని ఆ షావుకారును రెండు నెలలు వేధించిరి. పిల్లల పోరు పడలేక అతడు హైదరాబాదునుండి ఒక పెట్టె తెప్పించెను. తగవు ఆ పెట్టెతోనే బయలుదేరినది.

ఆ తగవు మీకు బోధపడుటకు ఆ ఆట సంగతి కొంత చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున అమెరికాలోని సిగరెట్టు వర్తకులు పెట్టె నలగకుండుటకై లోపల ఒక అట్టముక్కను పెట్టి, దానిపై బొమ్మలు అచ్చువేయ మొదలిడిరి. జనులు వానిని పోగుచేసి, రెండేసి యున్నవానిని ఒకరితో నొకరు మార్చుకొనిరి. మన దేశమునందును బబుల్‌గమ్ పొట్లములతో క్రికెటు ఆటగాండ్ర బొమ్మలు వచ్చిన కాలము నేటి తలిదండ్రులలో పలువురకు జ్ఞాపకముండును. అయితే అవి ముఖ్యముగా చూచుకొనుటకును దాచుకొనుటకును వచ్చినవి. 1993లో రిచర్డు గార్‌ఫీల్డు అను అమెరికా గణితశాస్త్రజ్ఞుడు ‘మేజిక్: ది గ్యాదరింగ్’ అను ఆటను కల్పించి, ఈ పోగుచేయు సరదాను బుద్ధికి పనిపెట్టు ఆటతో ముడివేసెను. 1996లో జపాను దేశమున పోకెమాన్ ముక్కల ఆటయు, 1999లో యు-గి-ఓ అను ఆటయు వెలువడెను. వీనినే ట్రేడింగు కార్డు ఆటలందురు. మనము మార్పిడి ముక్కల ఆటలు అనుకొందము.

మన పేకకును దీనికిని ఉన్న భేద మిది. మన పేకలో 52 ముక్కలు. ఆడువారందరును ఆ యొక్క పేకనే పంచుకొందురు. పోకెమాన్ ఆటలో ఎవరి పేక వారిదే. తనయొద్దనున్న ముక్కలలోనుండి ఏరి, సరిగా 60 ముక్కలతో ఎవరికి వారు పేక కూర్చుకొని వచ్చి ఎదురెదురుగా కూర్చుందురు. మూలశక్తి ముక్కలు తప్ప, ఒకే పేరుగల ముక్క నాలుగింటికి మించి యుండరాదు. నిప్పు జంతువునకు నీరు వెరపు. అట్లే ఒక్కొక్కదానికి ఒక్కొక్క బలహీనత కలదు. ఏ ముక్కలు చేర్చవలెను, ఏవి మానవలెను అను ఆలోచనలోనే సగము ఆట గడచిపోవును. వంటకు పోవు వంటవాడు సరుకు తానే ఎంచి మూట కట్టుకొన్నట్లు ఆటగాడు తన పేకను ఇంటినుండి కట్టుకొని వచ్చును. తనయొద్ద లేని ముక్కను తోటివారినుండి మార్చుకొనును. లేదా అంగడిలో మూసిన పొట్లమును కొనును. ఆ పొట్లములో నేమున్నదో విప్పువరకు ఎవరికిని తెలియదు.

ఇప్పుడు మన షావుకారు చేసిన పనులను వినుడు. చదరంగపు పెట్టె కొన్నవానికి 32 పావులు లెక్కకు రావలెను. ఒక్క బంటు తగ్గినను కొన్నవాడు తిరిగి వచ్చును. నలువది యేండ్లుగా ఆ ధర్మమునకు అలవాటుపడిన అతడు ఈ పొట్లములను చూచి, లోపల సరుకు సరిగా నున్నదో లేదో అని కొన్నింటిని విప్పెను. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధమైన ముక్కలుండుట చూచి, టోకు వర్తకుడు తన్ను మోసగించెనని తలచెను. తరువాత ఆ ముక్కలను ఒక గాజుపెట్టెలో పరచి, మెరయువానికి ఎక్కువ వెలయు, మెరయనివానికి తక్కువ వెలయు కట్టెను. వానితోపాటు వచ్చిన బంగారువన్నె ముక్కల కట్టను అన్నింటికంటె పైన పెట్టెను. పిల్లలు అరుగుమీద కూర్చుండి ఆడబోగా, "పేకాట నా అరుగుమీద వద్దు" అని లేపివేసెను.

పిల్లలకు కోపము వచ్చినది. "తాతకు ఏమీ తెలియదు" అని మొదట నవ్విరి. తరువాత "పొట్లాలు విప్పి మంచి ముక్కలు తీసేసుకుంటున్నాడు" అని చాటిరి. అంగడివానికి ఈ రెండవ మాట ప్రాణాంతకమైనది. సరుకు పోయినచో మరల తెచ్చుకొనవచ్చును. మాట పోయినచో తెచ్చుకొను అంగడి వేరొకటి లేదు.

ఇంతలో మరియొకటి జరిగెను. చర్ల త్రోవలోని ఒక పల్లెనుండి వచ్చి, ఊరి వసతిగృహములో నుండి చదువుకొను పదుమూడేండ్ల పిల్లవాడు ఒకడు ఈ బృందములో కలడు. ఆటలో వానిని మించినవాడు లేడు. వానియొద్ద మెరుపులేని ముక్కలు కొన్ని యుండెను. తన పేకనుండి మరికొన్ని ముక్కలను తీసికొనుటకు హక్కునిచ్చు సాధారణపు ముక్కలవి. హైదరాబాదులో అవి సులభముగా దొరకవచ్చును గాని భద్రాచలములో పోయినచో మరల దొరకవు. వాని గెలుపంతయు వానిమీదనే నడచుచుండెను. ఒకనాడు వాడు ఆ ముక్కలను నాలుగింటిని ఇచ్చి, మార్పిడిగా ఒక బంగారువన్నె ముక్కను పుచ్చుకొనెను. అంగడిలో అన్నింటికంటె పైన పెట్టినది గనుక దానిది గొప్ప వెల యని వాడు నమ్మెను. మరునాడు ఆటకు కూర్చుండగా అందరును నవ్విరి. ఆ ముక్క నకిలీది. దాని వెనుకవైపు కూడ బంగారువన్నెయే. మిగిలిన ముక్కల వెనుక నీలపు అచ్చు. పేకలో అది ఎచ్చట నున్నదో ఎదుటివానికి తెలిసిపోవును. కనుక ఆటకు పనికిరాదు.

పిల్లవాని తండ్రి సంతకు వచ్చినప్పుడు ఈ సంగతి విని, అంగడికి పోయి, కేకలు వేయలేదు. ఆ బంగారు ముక్కను బల్లమీద పెట్టి, "ఇది మంచిదో కాదో మీరే చెప్పండి" అని మాత్రము అడిగెనట. షావుకారు జవాబు చెప్పలేకపోయెను. ఆ సాయంకాలమే పెట్టెను లోపల పడవైచి, "ఈ ముక్కలు ఇకమీదట అమ్మబడవు" అని పలకమీద వ్రాసి తగిలించెను.

మా మనుమడు ఇంటికి వచ్చి షావుకారును నోటికి వచ్చినట్లు తిట్టెను. నేను అంతయు విని, "ఆ పిల్లవాడు ముక్కలు ఎవరితో మార్చుకొన్నాడు?" అని అడిగితిని. వాడు తల వంచుకొనెను. కొంతసేపటికి "నాతోనే తాతయ్యా" అనెను.

"అది నకిలీదని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

శ్రోతలారా, అంతవరకు నేను అంగడివానికి బుద్ధి చెప్పుటకు పోవలెనని అనుకొనుచుంటిని. ఆ ఒక్కమాటతో త్రోవ మారినది. ఆట తెలియని ముదుసలి తెలియక వెల కట్టెను. ఆట తెలిసిన నా మనుమడు తెలిసి నోరు మూసికొనెను. ఈ రెంటిలో ఏది మోసము?

మరునాడు వానిని వెంటబెట్టుకొని అంగడికి పోయితిని. షావుకారు నాకు స్టూలు వేయించి, తానే మొదలుపెట్టెను.

"మాస్టారూ, నన్ను దొంగ అంటున్నారు పిల్లలు. మీరు చెప్పండి. కొనేముందు లోపల ఏముందో తెలియని సరుకు నేను ఏ మొహం పెట్టుకుని అమ్మాలి? అయినా ఇది అట్టముక్కే గదా! ఏరు దాటితే సారపాకలో బండ్లకొద్దీ అట్ట తయారవుతుంది. దీనికింత వెల ఏమిటి?"

"షావుకారుగారూ, ఆ సారపాక అట్టతో చేసిన శుభలేఖకు వెల అట్టను బట్టియా, అందులోని పేర్లను బట్టియా?" అంటిని. అతడు నవ్వెను.

"సరే. ఇది జూదం కాదా? ఆ మాట తేల్చండి."

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన తెలుగునేలమీదనే ఇది ఉన్నత న్యాయపీఠముల వరకు పోయినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై వచ్చిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడిన మూడు ముక్కలాట వంటిది కాదనియు, అందు నేర్పునకే ప్రాధాన్య మనియు తెలిపెను. అయితే తెలంగాణ రాష్ట్రము 2017లో గేమింగు చట్టమును సవరించి, సొమ్ము ఒడ్డి ఆడినచో నేర్పు గల ఆటయైనను నిషిద్ధమే యని కట్టుదిట్టము చేసినది. కనుక నేను అతనితో చెప్పినది ఇంతే: ముక్కలు చేతిలో నుండుట జూదము కాదు, సొమ్ము ఒడ్డుట జూదము. పిల్లలు సొమ్ము ఒడ్డుట లేదు. అయినను పొట్లము కొనుటలో మాత్రము అదృష్టపు పాలు కలదు. మంచి ముక్క వచ్చునను ఆశతో మరియొకటి, మరియొకటి కొను పిల్లవాడు ఉండును. మీ భయము ఆటపట్ల సరి కాదు గాని పొట్లముపట్ల సరియైనదే.

అతడు సావధానముగా వినుటచే, ముక్కలాట మనకు క్రొత్త కాదని కూడ చెప్పితిని. పూర్వము మన దేశమున గంజీఫా అను గుండ్రని ముక్కల ఆట యుండెడిది. 1527లో బాబరు సింధుదేశపు ప్రభువునకు గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ ముక్కలను చేతితో చిత్రించెడివారు. మన నిర్మల చిత్రకారులును వానిని వ్రాసినవారే. అందు దశావతార గంజీఫాలో పది యవతారములకు పండ్రెండేసి చొప్పున 120 ముక్కలు. పగటివేళ ఆట రాముని ముక్కతో మొదలుపెట్టవలెను. రాత్రివేళ కృష్ణుని ముక్కతో.

ఈ మాటకు షావుకారు ముఖము వికసించెను. "రాముడి ముక్కతో మొదలా! అయితే పేకను బల్లకింద పెట్టడం నా తెలివితక్కువే" అనెను.

అప్పుడు నేను మా మనుమని ముందుకు త్రోసితిని. వాడు తాను చేసినదంతయు చెప్పెను. గొంతు వణకెను గాని దాచలేదు. షావుకారు చాలసేపు మాటాడలేదు. తరువాత "నాకు తెలియదని నువ్వు నవ్వావు. ఆ నవ్వే నాకు ముందు చెప్పి ఉంటే ఆ పసివాడు మోసపోయేవాడు కాదు గదరా" అనెను. నేను ఇంట గంటసేపు చెప్పదలచినదానిని అతడు ఒక్కమాటలో చెప్పెను.

ఆ ఆదివారము పిల్లలందరును అంగడి అరుగుమీద చేరిరి. వసతిగృహపు పిల్లవాడును వచ్చెను. మా మనుమడు నాలుగు ముక్కలను వాని చేతిలో పెట్టెను. షావుకారు నకిలీ కట్టకు పిల్లలు పెట్టిన సొమ్మును తిరిగి ఇచ్చివేసెను. అటుపిమ్మట "నాకు ఆట నేర్పండి" అనెను. నేర్పుటకు ముందునకు వచ్చినవాడు ఆ అడవిపల్లె పిల్లవాడే. నిప్పును నీరార్పును, నీటిని చెట్టు పీల్చును అని వాడు వరుసగా చెప్పుచుండగా ముదుసలి తల యూచుచుండెను. మొదటి ఆటలో అతడు ఓడెను, రెండవదానిలోను ఓడెను. మూడవ ఆటకు కూర్చుండబోవుచు, "ఈ మెరవని ముక్క పడితే వీడి చెయ్యి నిండుతోంది. దీనికా నేను తక్కువ వెల కట్టింది!" అని తన్ను తానే మందలించుకొనెను. ఏ పుస్తకమును ఈ పాఠమును అంత త్వరగా చెప్పజాలదు.

ఆట ముగిసిన తరువాత అంగడికి కొన్ని నియమములు ఏర్పడెను. వానిలో మొదటివి మేము చెప్పినవి. చివరిది అతడు చెప్పినది.

మొదటిది: కొత్తగా నేర్చుకొనువారికి మూసిన పొట్లములకు బదులు, 60 ముక్కలతో సిద్ధముగా కూర్చి అమ్ము పేకను ఇచ్చుట. అందేమున్నదో ముందే తెలియును. ఇంటికి పోయి వెంటనే ఆడుకొనవచ్చును. లెక్కకు సరిపడు సరుకు గావున షావుకారు మనస్సునకు కూడ అది నచ్చినది. రెండవది: పొట్లములను విప్పకుండ అమ్ముట, "ఇందు ఏ ముక్క వచ్చునో అంగడికి తెలియదు" అని కొనువానితో ముందుగానే చెప్పుట, పిల్లవాడు ఒకేనాడు రెండవ పొట్లము అడిగినచో ఇంటి పెద్దను పిలుచుకొని రమ్మనుట. మూడవది: నకిలీల పరీక్ష. ముక్కలను బోర్లించి చూడవలెను. వెనుకవైపు అన్నియు ఒకే తీరున నుండవలెను. వన్నెగాని, కొలతగాని, దళసరిగాని వేరుగా నున్నచో అది ఆటముక్క కాదు. అక్షరదోషములున్న ముక్కను కూడ నమ్మరాదు. నాలుగవది: ఆటబల్లమీద సొమ్ము కనబడరాదు.

ఐదవ నియమమును షావుకారు చెప్పెను. "సంతలో ఎద్దును కొనేవాడు బయానా ఇచ్చి, ఒక పూట అరక కట్టి చూసుకుని గాని బేరం ఖాయం చెయ్యడు. ఇక్కడ పిల్లలు నిమిషంలో ముక్కలు మార్చేసుకుంటున్నారు. మారకం మాట ఈ రోజు అనుకోండి. ముక్కలు రేపు ఇచ్చిపుచ్చుకోండి. రాత్రికి ఎవరికైనా మనసు మారితే మాట లేదు." మేమెవ్వరము ఆలోచింపని నియమ మది. ఆట తెలియని వానికి వ్యాపారము తెలియును; పిల్లలలో పిల్లలకు జరుగు అన్యాయము ముఖ్యముగా ఆ వ్యాపారపు భాగముననే యున్నది. అతడు తన పాత విద్యతో మా క్రొత్త ఆటలోని చిల్లిని పూడ్చెను.

ఇట్టి ఆట ఏదైనను మీ ఊరికి వచ్చి యుండవచ్చును, రేపు రావచ్చును. అప్పుడు మీ పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పుడు. అంగడివానికి తెలియదని నవ్వకుడు. అతని సరుకును అతనికి పరిచయము చేయుడు. చెప్పునప్పుడు ఆటభాషలో గాక అతని భాషలో, అనగా లెక్క, వెల, తిరుగుసరుకు, నమ్మకము అను మాటలలో చెప్పుడు. అతని ప్రశ్నలను అజ్ఞానమని త్రోసివేయకుడు. వానిలో సగము మన తలిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలే. అన్నింటికంటె ముఖ్యముగా, మీకు తెలిసినది అతనికి తెలియకపోవుటచే మీకు లాభము కలుగుచున్నచో, ఆ లాభము ఎవరి జేబునుండి వచ్చుచున్నదో ఒకమారు చూచుకొనుడు. మా యింట అది వసతిగృహములో నుండి చదువుకొను ఒక పిల్లవాని జేబునుండి వచ్చినది.

ఇప్పుడు ఆ అంగడిలో పలక ఉన్నచోటనే యున్నది గాని, వ్రాత మారినది. "మారకము రేపు" అని రెండే మాటలు. దర్శనమునకు వచ్చిన యాత్రికులు అది అప్పు గురించి వ్రాసిన దనుకొని నవ్వుకొని పోవుదురు. పిల్లలకు మాత్రము దాని యర్థము తెలియును.